రా, రండి

(ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు ఒకరు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడినది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. బాబూ, ఈ మైకు కొంచెం కిందికి దించు, నాకు అందట్లేదు... ఆ, చాలు.

హెడ్మాస్టరు గారు ఫోన్ చేసి, "పిల్లల్లో గౌరవం, బాధ్యత, మంచి నడవడిక గురించి ఓ అరగంట మాట్లాడాలి మాస్టారూ" అన్నారు. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక భయమేసింది. ఈ మూడింటి గురించీ ముప్పై నాలుగేళ్లు పిల్లలకి చెప్పినవాణ్ణి నేను. నేను చెప్పడం వల్ల మారినవాళ్లెవరా అని వెనక్కి తిరిగి చూసుకుంటే గట్టిగా ఒక్క పేరు గుర్తుకు రాలేదు. పద్యాలు అప్పజెప్పారు. మార్కులు తెచ్చుకున్నారు. 'పెద్దలను గౌరవించవలెను' అని చూచిరాత పుస్తకాల్లో పేజీలకు పేజీలు నింపారు. దస్తూరీ బాగుపడింది. (నవ్వులు)

అందుకని ఇవాళ పిల్లల సంగతి తక్కువ, మన సంగతి ఎక్కువ మాట్లాడతాను. ఏమీ అనుకోకండి.

పోయిన వేసవిలో ఒక పాత శిష్యురాలి ఇంటికి వెళ్లాను. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. రెండు చోట్ల ఆగి, మోకాళ్లు పట్టుకుని ఎక్కాను. బెల్లు కొడితే వాళ్ల పాప తలుపు తీసింది. రెండో తరగతి చదువుతోంది. నన్ను ఎగాదిగా చూసి, లోపలికి తిరిగి, "అమ్మా, ఎవరో తాత వచ్చాడు" అని కేకేసింది. వాళ్లమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది. నాకు దణ్ణం పెట్టకముందే పిల్లకి చెప్పింది: "వచ్చాడు కాదే, వచ్చారు అనాలి. ఎన్నిసార్లు చెప్పాను నీకు?" పాప బుద్ధిగా "వచ్చారు" అంది. నాకు ముచ్చటేసింది.

కూర్చున్నాను. మంచినీళ్లిచ్చారు, తాగాను. పది నిమిషాలకి మళ్లీ బెల్లు. మళ్లీ పాపే వెళ్లింది.

"అమ్మా, గ్యాస్ వాడొచ్చాడు!"

"లోపల పెట్టమను."

అంతే. ఈసారి దిద్దుబాటు లేదు.

ఆ వచ్చినాయనకి యాభై దాటి ఉంటాయి. ఇళ్లలో వాడే సిలిండర్లో గ్యాసే 14.2 కిలోలు ఉంటుంది. ఇనుప బండ బరువు ఇంకో పదిహేను పైచిలుకు. అంటే ముప్పై కిలోలు భుజాన వేసుకుని, నేను వట్టి చేతుల్తో రెండు చోట్ల ఆగి ఎక్కిన మెట్లు ఆయన ఎక్కి వచ్చారు. నాకిచ్చిన మంచినీళ్లు ఆయనకి ఇవ్వలేదు. ఖాళీ బండ తీసుకుని, చొక్కా చేత్తో మొహం తుడుచుకుని వెళ్లిపోయారు.

ఆ పాపకి ఆ పది నిమిషాల్లో ఒక పాఠం అయ్యింది. సోఫాలో కూర్చునే తాతకి 'రు', గుమ్మంలో నిలబడే తాతకి 'డు'. వ్యాకరణం పొల్లుపోకుండా నేర్చుకుంది. తెలుగు మాస్టారుగా నేనైతే నూటికి నూరు మార్కులు వెయ్యాలి.

ఇంగ్లీషులో ఒక్క 'యూ'తో రాజుకీ బంటుకీ సరిపోతుంది. మనకి అలా కుదరదు. నోరు తెరిచామంటే ఎదుటి మనిషిని ఏ మెట్టు మీద నిలబెడుతున్నామో తేల్చుకోవాలి. వాడు, అతను, ఆయన, వారు. ఆడవాళ్లకైతే అది, ఆమె, ఆవిడ, వారు. ఏకవచనంలో ఆడమనిషికి మన భాషలో వేరే క్రియ కూడా లేదు. బస్సు వచ్చింది, గేదె వచ్చింది, అమ్మ వచ్చింది. చాలా ఇళ్లలో నాన్నగారు మాత్రం వచ్చారు. (నవ్వులు)

అయితే 'రు' పెడితే గౌరవమనీ, తీసేస్తే అగౌరవమనీ నేననట్లేదు. అమ్మని నువ్వు అనే ఇంట్లో, కొడుకు ఓ రోజు హఠాత్తుగా "అమ్మా, మీరు భోంచేశారా?" అంటే, వీడు డబ్బులేమన్నా అడగబోతున్నాడా అని ఆవిడకి అనుమానం వస్తుంది. శ్రీకాకుళం వైపు ముసలమ్మలు ఎంత పెద్ద ఆఫీసరునైనా "నువ్వు చెప్పు బాబూ" అంటారు, అందులో ఎంత ఆప్యాయతో. తెలంగాణలో "నాయిన వచ్చిండు" అన్నారంటే నాన్న మీద గౌరవం లేక కాదు. కాబట్టి నా గొడవ అక్షరంతో కాదు. ఒకే నోరు, ఒకే ఇల్లు, పది నిమిషాల తేడాలో ఇద్దరు ముసలివాళ్లకి రెండు క్రియలు వాడిందే, నా గొడవ దాంతో.

పిల్లలు ఈ లెక్క మహా బాగా చూస్తారండీ. మనం ఫోన్లో బ్యాంకు మేనేజరుతో "చెప్పండి సార్, చెప్పండి సార్" అంటాం. పెట్టేసిన మరుక్షణం ఆటో ఆయనతో "ఎంతయ్యిందోయ్?" అంటాం. పిల్ల పక్కనే కూర్చుని ఉంటుంది, చేతిలో బిస్కెట్ ప్యాకెట్టు పట్టుకుని. మనం గొంతు ఎక్కడ మార్చామో దానికి తెలుసు.

బడిలో మేం మాత్రం తక్కువ తిన్నామా? మన రాష్ట్రంలో 2003లో బళ్లలో మధ్యాహ్నం వండి పెట్టడం మొదలైంది. 2024లో ఆ పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. కోనసీమలో, లంకల గన్నవరంలో, గోదావరి దాటి అలిసిపోయి వచ్చేవాళ్లకి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన తల్లి. 1909లో పోయారు. ఇవాళ్టికీ ఆవిడ పేరు 'గారు' లేకుండా ఎవరూ పలకరు, పలకకూడదు కూడా. మరి ఆవిడ పేరు మీద పొద్దున్నే వచ్చి వందల మందికి గంజి వార్చే మనిషిని స్టాఫ్ రూములో ఏమంటాం? "వంటది వచ్చిందా?" అంటాం. నేనూ అన్నాను, నాకేం కొమ్ముల్లేవు. ఆవిడకిచ్చే డబ్బుని గౌరవ వేతనం అంటారు. 2019లో దాన్ని నెలకి ₹3,000 చేశారు. అందులో రెండో మాట సంగతి ప్రభుత్వం చూసుకోవాలి. మొదటి మాట మన ఖాతాలోది.

ఆవిడతోనే ముడిపడ్డ ఇంకో సంగతి చెప్తాను. మా బడిలో గంటంటే వేపచెట్టుకి వేలాడగట్టిన రైలు పట్టా ముక్క. ఎనిమిదో తరగతి కుర్రాడొకడికి గంట కొట్టే పని అప్పజెప్పాను. మంచివాడని ఇవ్వలేదు. వాడు క్లాసులో పావుగంట కుదురుగా కూర్చోలేడు, ఎలాగూ ఏదో వంకతో బయటికి పోతాడు, పోయేదేదో పని మీద పోతాడులే అని ఇచ్చాను. నెల రోజులు బాగానే కొట్టాడు. ఓ రోజు పది నిమిషాల ముందే భోజనం గంట కొట్టేశాడు. వాడికి ఆకలేసింది మరి.

రెండు వందల మంది కంచాలు పట్టుకుని బిలబిలా వచ్చేశారు. అన్నం ఇంకా వార్చలేదు. పప్పు పొయ్యి మీదే ఉంది, కుతకుతా ఉడుకుతోంది. వెనకనుంచి పెద్దపిల్లలు తోస్తున్నారు, ముందున్నవాళ్లు ఆరో తరగతి పిల్లలు, వాళ్లకి జానెడు దూరంలో వేడి గుండిగ. ఆవిడ గరిట పట్టుకుని, చేతులు రెండూ చాపి, ఒక్కరే అడ్డంగా నిలబడి అరుస్తున్నారు. మా డ్రిల్లు మాస్టారు బెత్తం తీసుకుని గంట కొట్టినవాడి కోసం బయల్దేరారు. నేను వాడి రెక్క పట్టుకుని ముందే తీసుకెళ్లి ఆవిడ పక్కన నిలబెట్టాను. "అందరి వడ్డనా అయ్యేదాకా ఈవిడేం చెప్తే అది చెయ్యి" అన్నాను. అప్పుడు పెద్ద ఆలోచించి చేసిందేం కాదు, దెబ్బ తప్పిద్దామనుకున్నాను, అంతే.

వాడు కూడా ఆవిడలాగే చేతులు చాపి నిలబడ్డాడు. పొయ్యి సెగ మొహానికి కొడుతోంది. తర్వాత నీళ్లు మోశాడు, గరిట అందించాడు. వాడి వంతు ఆఖర్న వచ్చింది. అప్పటికి పప్పు అడుగంటింది, మజ్జిగ పోసుకుని తిన్నాడు.

మర్నాడు గంట కొట్టడానికి వెళ్తూ వెళ్తూ వంటపాక దగ్గర ఆగి, లోపలికి తొంగిచూసి, "అయ్యిందా పిన్నీ?" అని అడిగాడు. అయ్యిందంటే అప్పుడు వెళ్లి కొట్టాడు. అలా అడగమని ఎవరూ చెప్పలేదు. పిన్ని అనమనీ ఎవరూ చెప్పలేదు. వాడు బాగుపడిపోయి పెద్ద ఆఫీసరయ్యాడని నేను కథ చెప్పను. ఆ తర్వాత కూడా లెక్కల్లో తప్పాడు. సెలవు చీటీ మీద వాళ్ల నాన్న సంతకం వాడే పెట్టుకుని తెచ్చాడు, అదీ తప్పుల తడకగా. గంట మాత్రం మళ్లీ ఎప్పుడూ తప్పలేదు.

ఇప్పుడు మన ఇళ్లల్లో పిల్లలకి మనం అప్పజెప్పే పనులు చూడండి. చెయ్యకపోతే ఏమీ కానివే ఉంటాయి. "చదువుకో" అంటాం. చదవకపోతే ఇవాళ సాయంత్రం ఏమవుతుంది? ఏమీ అవదు. పదేళ్ల తర్వాత ఏదో అవుతుందంటాం. పదేళ్ల పిల్లకి పదేళ్ల తర్వాత అంటే వచ్చే జన్మ కిందే లెక్క. దాని బదులు రాత్రి పాలకి తోడు పెట్టే పని ఇవ్వండి. గోరువెచ్చగా ఉన్నాయో లేదో వేలుపెట్టి చూసుకుని, చెంచాడు పెరుగు వేసి, మూత పెట్టాలి. మర్చిపోతే మర్నాడు ఇంట్లో ఎవరికీ పెరుగు ఉండదు. తాతయ్య పచ్చడి అన్నంతో లేచిపోవాల్సి వస్తుంది. ఆ కంచం చూస్తే చాలు, ఇంకెవరూ ఏమీ అనక్కర్లేదు.

కాకపోతే ఒక షరతు. మీరు రాత్రి పదకొండింటికి లేచి, పిల్ల మర్చిపోయిందేమో అని చప్పుడు చెయ్యకుండా తోడెయ్యకూడదు. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ, అదే కష్టం. స్కూలు బస్సు వచ్చే టైముకి పుస్తకం మర్చిపోతే నాన్న బండేసుకుని స్కూలుకి పట్టుకెళ్తాడు. ప్రాజెక్టు వర్కు అమ్మ కత్తిరించి అంటిస్తుంది. తర్వాత ఇద్దరూ కలిసి నా దగ్గరికొచ్చి "మావాడికి బొత్తిగా బాధ్యత లేదు మాస్టారూ" అంటారు. ఎక్కడినుంచి వస్తుంది, వాడి వాటా కూడా మనమే తినేస్తుంటే?

ఫైన్ల సంగతి కూడా చెప్పాలి. రిటైరయ్యాక రెండేళ్లు ఒక ప్రైవేటు స్కూల్లో చేశాను. ఆలస్యంగా వస్తే పది రూపాయలు ఫైన్. ఒకబ్బాయి గేటు దగ్గర ఇరవై నోటిచ్చాడు. చిల్లర లేదురా అంటే, "ఉంచండి సార్, రేపటిక్కూడా" అన్నాడు. (నవ్వులు) వాడి తప్పేముంది? ఆలస్యానికి ధర కట్టింది మేం, వాడు కొనుక్కున్నాడు.

తర్వాత తెలిసింది, దీని మీద పెద్ద పరిశోధనే జరిగిందని. ఇజ్రాయెల్‌లో హైఫా అని ఒక ఊరు. అక్కడ చిన్నపిల్లల్ని చూసుకునే డే కేర్ సెంటర్లలో, సాయంత్రం తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకెళ్లడానికి ఆలస్యంగా వస్తున్నారు. యూరీ గ్నీజీ, ఆల్డో రుస్టికీని అని ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు పది సెంటర్లను తీసుకున్నారు. అందులో ఆరు చోట్ల, పది నిమిషాలు దాటితే ఫైన్ అని బోర్డు పెట్టించారు. ఆలస్యాలు తగ్గాలి కదా. పెరిగాయి! దాదాపు రెట్టింపయ్యాయి. 2000లో అచ్చయ్యింది ఆ పత్రం. ఫైన్ లేనప్పుడు, 'పాపం, ఆ టీచరు మనకోసం ఇంటికి పోకుండా కూర్చుంటుంది' అని కాస్త మొహమాటం ఉండేది. డబ్బు కట్టడం మొదలయ్యాక ఇంక మొహమాటం దేనికి? కొన్ని వారాలకి ఫైన్ ఎత్తేశారు. ఆలస్యాలు మాత్రం తగ్గలేదు. పోయిన మొహమాటం తిరిగి రాలేదు.

మొహమాటం అనే మాటని మనం ఓ బలహీనతలా వాడతాం. 'మొహమాటానికి పోతే' అని సామెత కూడా ఉంది, మిగతాది ఆడవాళ్ల ముందు చెప్పకూడదనుకోండి. (నవ్వులు) పిల్లల విషయంలో మాత్రం అది చాలా విలువైన సరుకు. చాక్లెట్లతో, ఫైన్లతో, "ఫస్టొస్తే సైకిల్"లతో దాన్ని మనమే అమ్మించేస్తున్నాం.

జపాన్ గురించి వాట్సాప్‌లో మీ అందరికీ వచ్చే ఉంటుంది. అక్కడి బళ్లలో పిల్లలే గదులు ఊడుస్తారు, నేల తుడుస్తారు. మధ్యాహ్నం తెల్లకోట్లు వేసుకుని వంతులవారీగా వాళ్లే వడ్డిస్తారు. నిజమే, మంచి పద్ధతే. ఓసారి అది చూసి ఉత్సాహం వచ్చి మా బడిలోనూ మొదలుపెట్టాను. మూడో రోజు ఒక తల్లి వచ్చి "మా పిల్లతో చీపురు పట్టిస్తారా?" అని నిలదీసింది. మొదట నాకు కోపం వచ్చింది. తర్వాత ఆ రోజు ఎవరెవరు ఊడ్చారో చూసుకుంటే సిగ్గేసింది. నేను ఎవర్నీ ఎంచలేదు, 'నువ్వు, నువ్వు, నువ్వు' అని చూపించానంతే. ఆ మూడు వేళ్లూ ఏ పేట పిల్లల వైపు వెళ్లాయో ఆ తల్లికి కనిపించింది, నాకు కనిపించలేదు. మన దేశంలో చీపురు అందరి చేతుల్లోకీ సమానంగా వెళ్లదు. మర్నాడు వంతుల పట్టిక రాసి గోడకి అంటించాం, హాజరు పట్టీ వరసలో. సోమవారం మొదటి పేరు నాది, రెండోది హెడ్మాస్టరు గారిది. ఆ తల్లి మళ్లీ రాలేదు.

(సభలో ఒక తండ్రి లేచి: "ఇవన్నీ బానే ఉన్నాయి మాస్టారూ. కానీ భయం లేకపోతే పిల్లలు వింటారా? మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు. మా రోజుల్లో మాస్టారంటే హడల్.")

కూర్చోండి, కూర్చోండి. మీ రోజుల్లో మాస్టారిని నేనే కదండీ, నాకు తెలీదా! (నవ్వులు) ఈ మొక్క సామెత ఏ మీటింగుకెళ్లినా ఎవరో ఒకరు అంటారు. నాకు అర్థం కానిదల్లా, మొక్కని అసలు వంచడం దేనికని. మా వేపచెట్టుని ఎవరూ వంచలేదు. మేకలు తినకుండా చుట్టూ కంప కట్టాం, నీళ్లు పోశాం.

భయం సంగతి. 2009 విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాంట్లో 17వ సెక్షన్ పిల్లల్ని శారీరకంగా దండించకూడదంటుంది, మానసికంగా వేధించకూడదంటుంది. మొదటి సగం అందరికీ తెలుసు. మీలో కొందరు ఇప్పటికీ "కళ్లు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి, మాకేం అభ్యంతరం లేదు" అని చెప్పి వెళ్తుంటారు. మీ అనుమతి చట్టానికి అక్కర్లేదు. ఆ రెండో సగాన్ని మాత్రం మేం కూడా సరిగ్గా చదవలేదు. బెత్తం మూలన పెట్టి, నాలుకని బెత్తం చేసుకున్నాం.

బెత్తం, నాలుక రెండూ ఉన్న రోజుల్లోది ఒకటి చెప్పి ముగిస్తాను. ఇది ఇంతవరకూ ఏ మీటింగులోనూ చెప్పలేదు.

ముప్పై ఏళ్ల కిందటి మాట. పదో తరగతిలో ఒకమ్మాయి పరీక్ష ఫీజు డబ్బు పోయింది. పిల్ల ఏడుస్తోంది. నా కళ్లు నేరుగా ఒకబ్బాయి మీదికి వెళ్లాయి. ఎందుకు వెళ్లాయంటే ఏం చెప్పను? వాడి చొక్కాకి మూడు బొత్తాలే ఉండేవి. అంతకుమించి నా దగ్గర సాక్ష్యం లేదు. వాణ్ణి పిలిచి, సంచీ బల్ల మీద బోర్లించమన్నాను. నలభై మంది చూస్తున్నారు. రెండు నోటుపుస్తకాలు, ఒక పెన్ను, మూతలేని గిన్నెలో గుడ్డ కట్టిన చద్దన్నం, ఒక ఉల్లిపాయ. ఆ ఉల్లిపాయ బల్ల మీంచి దొర్లి కింద పడింది. ఎవరో నవ్వారు. వాడు వంగి తీసుకున్నాడు.

మర్నాడు ఆ డబ్బు అమ్మాయి తెలుగు వాచకం అట్ట మడతలోనే దొరికింది. వాళ్లమ్మ భద్రంగా పెట్టిందట.

నేను మధ్యాహ్నం దాకా ఆగాను. వరండాలో ఎవరూ లేకుండా చూసి, వాడి భుజం తట్టి, "దొరికిందిలేరా, నువ్వేం మనసులో పెట్టుకోకు" అన్నాను. చూశారా, ఆ వాక్యంలో 'నాది తప్పు' అనే మాటే లేదు. వాడేదో నాకు బాకీ ఉన్నట్టు, నేను మాఫీ చేసినట్టు ఉంది. పరువు తీసింది నలభై మంది ముందు, సర్దుబాటు వరండాలో. వాడు తలూపాడు. ఆ ఏడాది మళ్లీ నా క్లాసులో చెయ్యెత్తలేదు. అంతకుముందు పద్యం చదవమంటే మొదట లేచేవాడు, మంచి గొంతు.

ఆ నలభై మందికీ నేను అదే ఏడాది సత్యం గురించి పాఠం చెప్పాను. పరీక్షలో అందరూ బాగా రాశారు.

పోయిన నెల బజార్లో ఆ బ్యాచ్ కుర్రాడొకడు కనిపించాడు. మాటల్లో ఇతని సంగతి వచ్చింది. సొంత లారీ ఉందట, ఇద్దరు ఆడపిల్లలట. నంబరిచ్చాడు. ఇదిగో, ఈ జేబులోనే ఉంది, కాగితం నలిగిపోయింది. రెండుసార్లు చేశాను, రింగవకముందే కట్ చేసేశాను. నలభై ఐదేళ్ల మనిషి. చెప్పాల్సింది నాకు తెలుసు. మొదటి మాట దగ్గరే ఆగిపోతున్నాను, 'ఏరా' అనాలో 'ఏమండీ' అనాలో తేలట్లేదు.